జంగ్‌లు, బహద్దూర్లు, సాయిబులు

సికింద్రాబాదు స్టేషన్లో దిగేవాళ్లు, వికారాబాదు రైలెక్కేవాళ్లు, నిజామాబాదు పసుపు కొనేవాళ్లు, సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని సాలార్‌జంగ్ మ్యూజియం చూడబోయేవాళ్లు - వీళ్లంతా తమకు తెలియకుండానే రోజూ బిరుదులు పలుకుతుంటారు. సికిందర్ జా అన్నది మూడో నిజాం బిరుదు. ఆయన పేరు మీర్ అక్బర్ అలీ ఖాన్. వికారాబాదుకు పేరిచ్చిన పైగా నవాబు ఫజ్లుద్దీన్ ఖాన్ బిరుదు వికారుల్ ఉమ్రా. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించింది ఆయనే. సాలార్‌జంగ్ బిరుదు. 'నిజాం' అన్నదే బిరుదు. పేర్లు మట్టిలో కలిశాయి, బిరుదులు ఊళ్లై మిగిలాయి.

ఈ బిరుదుల చరిత్రతో ఇప్పుడు మనకేం పని అని అడగొచ్చు. పని ఉంది. తెలుగునాట ముస్లిం అనగానే చాలామంది కళ్ల ముందు నిలబడేది ఓ నవాబు బొమ్మ. షేర్వానీ, హుక్కా, పాన్‌దాన్, వెనకాల జాగీరు. సినిమావాళ్లు ఆ బొమ్మకు రంగులేశారు. రాజకీయాలవాళ్లు ఆ బొమ్మనే చూపించి "వీళ్లు మనల్నేలినవాళ్లు" అని ఓట్లడిగారు. పంక్చర్లేసుకునే మస్తాన్, పరుపులు కుట్టే దూదేకుల హుస్సేనమ్మ కూడా ఆ నవాబు లెక్కలోనే జమకావాల్సి వచ్చింది. ఏలుబడి ఎవరిదో, బిరుదులు ఎవరివో, వాటి బాకీ ఎవరి నెత్తిన పడిందో తెలుసుకోవాలంటే ఆ ఖితాబుల పెట్టె తెరిచి చూడక తప్పదు.

దర్బారు మెట్లు

హైదరాబాదు దర్బారులో బిరుదులకు మెట్లుండేవి. కింద ఖాన్, ఖాన్ బహద్దూర్. ఆపైన జంగ్. జంగ్ మీద దౌలా, దౌలా మీద ముల్క్, ముల్క్ మీద ఉమ్రా, అన్నిటికీ పైన జా. జా అన్నది పాలక కుటుంబానికీ, వాళ్లతో వియ్యమందే స్థాయి వాళ్లకే. హిందూ ప్రముఖులకు రాయ్, రాజా, రాజా బహద్దూర్, వంత్, మహారాజా అని మరో వరస. ఉద్యోగంలో ఎదిగినకొద్దీ పేరు మారిపోయేది. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ ముందు జంగ్, తర్వాత ఇమాదుద్దౌలా, ఆ తర్వాత ఇమాదుల్ ముల్క్ అయ్యాడు. ఆసఫియా గ్రంథాలయం వెనక ఉన్న మనిషి ఆయన. సయ్యద్ మెహదీ అలీ మొహసినుల్ ముల్క్ అయితే, ముష్తాఖ్ హుసేన్ వికారుల్ ముల్క్ అయ్యాడు. ఈ ఇద్దరూ 1890లలో హైదరాబాదు కొలువు వదిలి ఉత్తరాదికి పోయి అలీగఢ్ ఉద్యమానికి పెద్దదిక్కులయ్యారు. చరిత్ర పుస్తకాల్లో వాళ్ల అసలు పేర్లు వెతికితేగాని దొరకవు. నిజాం ఇచ్చిన పేర్లే నిలిచాయి.

బిరుదు ఊరికే రాదు. ఫర్మానా వెలువడాలి, సర్కారు గెజెట్టు 'జరీదా'లో అచ్చు కావాలి, దర్బారుకు పోయి బంగారు అష్రఫీ, వెండి రూపాయలు రుమాల్లో పెట్టి నజర్ పట్టాలి. ఇచ్చేవాడి చెయ్యి పైన కాదు, కింద ఉండాలి. తీసుకునేవాడు పైనుంచి ఎత్తుకుంటాడు. ఈ చిన్న మర్యాదలోనే బిరుదు తత్వమంతా ఉంది. పొందుతున్నది నువ్వే అయినా, సమర్పించుకుంటున్నదీ నువ్వే.

మరి ఇచ్చేవాడి సంగతేమిటి? ఆయనా ఒకరి దగ్గర పుచ్చుకున్నవాడే. మొదటి నిజాం ఖమ్రుద్దీన్‌కు చిన్ ఖిలిచ్ ఖాన్ అనే బిరుదు ఔరంగజేబుది. నిజాముల్ ముల్క్ అనేది ఫరూక్‌సియర్‌ది. ఆసఫ్ జా అనేది 1725లో మహమ్మద్ షా ఇచ్చింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు 1918లో ఇంగ్లీషువాళ్లు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' అనీ, 'బ్రిటిష్ ప్రభుత్వపు విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అనీ రెండు తగిలించారు. ఆ మిత్రత్వం ఎలా సంపాదించాడో గుర్తుంచుకోవాలి. 1914లో తుర్కీ ఖలీఫా ఇంగ్లీషువాళ్ల మీద యుద్ధానికి దిగితే, భారతదేశపు ముస్లింలు ఇంగ్లీషువాళ్ల పక్షానే ఉండాలని నిజాం ప్రకటన ఇచ్చాడు, యుద్ధానికి డబ్బూ సైన్యమూ ఇచ్చాడు. ముస్లింల పేరు చెప్పి ఏలాడనే రాజుకు అన్నిటికన్నా పెద్ద బిరుదు వచ్చింది ముస్లింల గుండె మండుతున్న రోజుల్లో, ఆ గుండెకు ఎదురు నిలిచినందుకు.

జంగ్ అంటే ముసల్మానేనా?

ఫార్సీలో జంగ్ అంటే యుద్ధం. హైదరాబాదు జంగ్‌లలో ఎక్కువమంది కత్తి పట్టనివాళ్లే. ఆరో నిజాం వైద్యుడు డాక్టర్ అబ్దుల్ హుసేన్‌కు అరస్తూ యార్ జంగ్ అని బిరుదు. అరస్తూ అంటే అరిస్టాటిల్. కవి జలీల్ మానిక్‌పురీ ఫసాహత్ జంగ్, అంటే వాక్చాతుర్యంలో యోధుడు. నిజాంసాగర్ కట్టిన ఇంజనీరు మీర్ అహ్మద్ అలీ మనకు అలీ నవాజ్ జంగ్‌గానే తెలుసు. ఆయన పుట్టిన జులై 11ని తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నారు. వీళ్ల యుద్ధాలు రోగాలతో, ఛందస్సుతో, మంజీరా వరదతో.

ఇది మన నవాబులకే ప్రత్యేకం అనుకోవద్దు. అమెరికాలో కెంటకీ అని ఓ రాష్ట్రముంది. అక్కడి గవర్నర్ పేరున్న పౌరులకు 'కర్నల్' అనే గౌరవ బిరుదిస్తాడు. సైన్యంతో సంబంధం ఉండక్కర్లేదు. 1935లో అట్లా కర్నల్ అయిన సాండర్స్ అనే ఆయన వేయించిన కోడి అమ్మి ప్రపంచమంతా తిరిగాడు. ఆయన గడ్డం బొమ్మ ఇప్పుడు హైదరాబాదు కూడళ్లలోనూ ఉంది. అరస్తూ యార్ జంగ్‌ను చూసి నవ్వేవాళ్లు కర్నల్ గారి దుకాణంలో కూర్చుని నవ్వుతున్నారన్న మాట.

అసలు విషయానికి వద్దాం. జంగ్ అని వినబడగానే ముసల్మాను అనుకోవడం అలవాటైంది. ఈ అలవాటు ఎంత తప్పో చెప్పడానికి ఒక్క ఫోటోగ్రాఫర్ చాలు. లాలా దీన్ దయాళ్ మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టిన జైనుడు. 1844 నుంచి 1905 దాకా బతికాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో చేరి ఆనాటి హైదరాబాదును గాజుపలకల మీద బంధించాడు. ఆయనకు 1894లో దక్కిన బిరుదు రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ముందు హిందూ ప్రముఖుల వరసలోని రాజా బహద్దూర్, వెనక ముస్లిం వరస అనుకునే జంగ్, ఆ రెంటి నడుమ జైనుడు. పార్శీ అయిన ఫరీదూన్‌జీ జంషెడ్‌జీ ఫరీదూన్ జంగ్ అయ్యాడు, దౌలా అయ్యాడు, చివరికి ఫరీదూనుల్ ముల్క్ అయ్యాడు. రెండుసార్లు ప్రధానమంత్రిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ ఖత్రీ, 'షాద్' పేరుతో ఉర్దూ కవి. ఆయన బిరుదు యమీనుస్సల్తనత్, అంటే రాజ్యానికి కుడి భుజం. 1920 నుంచి 1934 దాకా నగర కొత్వాలుగా పోలీసు అధికారమంతా చేతిలో ఉంచుకున్నది రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి.

ఇదంతా మతసామరస్యం అని మురిసిపోయి చెప్పడం లేదు. గంగా జమునా తహజీబ్ అని ఒక మాట చెప్పి చేతులు దులుపుకోవడం మన మేధావులకు సులువైన పని. నేను చెప్పేది వేరు. దర్బారు అనేది ఒక వర్గం. ఆ వర్గంలో ముస్లిం ఉన్నాడు, కాయస్థుడున్నాడు, ఖత్రీ ఉన్నాడు, రెడ్డి ఉన్నాడు, బ్రాహ్మడున్నాడు, పార్శీ ఉన్నాడు. ఆ దర్బారు కాపలాలో పల్లెల్ని పీల్చుకుతిన్న దేశ్‌ముఖ్‌లలో, దేశ్‌పాండ్యాలలో అత్యధికులు హిందూ అగ్రవర్ణాల వాళ్లు. కామారెడ్డిగూడెంలో తన భూమి కోసం కోర్టు దాకా పోయి గెలిచి, ఆ గెలుపుకే హత్యకు గురైన షేక్ బందగీ పేద ముస్లిం రైతు. చంపించింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. ఆ బందగీ కథే 'మా భూమి' నాటకానికి మూలమైంది. నిజాం రాజ్యాన్ని ముస్లిం రాజ్యం అని తేల్చేసేవాళ్లు ఈ హత్యను ఏ పద్దు కింద రాస్తారు?

మతాన్ని బట్టి బిళ్ల

ఇక సర్కారు జిల్లాలకు, రాయలసీమకు పోదాం. అక్కడ మద్రాసు గవర్నరు ఏలుబడి. బిరుదు వైస్రాయి పేరు మీద వచ్చినా, ఎవరికివ్వాలో సిఫారసు పైకి పోయేది గవర్నరు కచేరీ నుంచే. కొత్త సంవత్సరం నాడు, ఇంగ్లండు రాజు పుట్టినరోజు నాడు జాబితా వచ్చేది. జిల్లా కలెక్టరు చుట్టూ తిరిగేవాళ్లు ఆ రెండు తేదీల కోసం ఏడాదంతా కాచుకునుండేవాళ్లు.

ఆ జాబితాలో ఒక విశేషముంది. ఒకే రకం సేవకు ఒకే బిరుదు ఉండదు. ముస్లిం అయితే ఖాన్ సాహెబ్, ఖాన్ బహద్దూర్. దక్షిణాది హిందువైతే రావు సాహెబ్, రావు బహద్దూర్, ఇంకా పైకి పోతే దివాన్ బహద్దూర్. ఉత్తరాది హిందువైతే రాయ్ సాహెబ్, రాయ్ బహద్దూర్. సిక్కు అయితే సర్దార్ బహద్దూర్. పార్శీలను ముస్లింల వరసలో ఖాన్ బహద్దూర్లను చేశారు. పండితుల విషయంలోనూ అంతే. 1887లో విక్టోరియా రాణి జూబిలీకి సంస్కృత పండితులకు మహామహోపాధ్యాయ, అరబ్బీ ఫార్సీ పండితులకు షంసుల్ ఉలమా అని రెండు బిరుదులు పుట్టించారు. 1911 నుంచి ఈ బిరుదులకు మూడు తరగతుల పతకాలు కూడా వచ్చాయి. మొదటి తరగతి దివాన్ బహద్దూర్, సర్దార్ బహద్దూర్లకు. రెండోది ఖాన్, రాయ్, రావు బహద్దూర్లకు. మూడోది సాహెబులకు. బడిలో పిల్లల చొక్కాలకు గుచ్చే బిళ్లల్లాంటివే ఇవీ.

రాజమండ్రిలో చెరువు తవ్వించిన హిందువూ, కర్నూలులో చెరువు తవ్వించిన ముస్లిమూ చేసింది ఒకే పని. కాని ఒకాయన రావు బహద్దూర్, ఇంకొకాయన ఖాన్ బహద్దూర్. నీళ్లకు లేని మతం బిరుదుకుంది. నిజాం దర్బారు దీన్ దయాళ్‌ను జంగ్ చెయ్యగలిగింది. ఇంగ్లీషు సర్కారు ఎంత ఉదారంగా ఉన్నా ఒక అబ్దుల్‌ను రావు బహద్దూర్ చెయ్యలేదు. జనాభా లెక్కల్లో, ఓటర్ల జాబితాల్లో మనల్ని విడివిడిగా రాసుకున్న చెయ్యే బిరుదుల జాబితా కూడా రాసింది. బడులు పెట్టిన వితంతు వివాహాల వీరేశలింగం పంతులుగారికి 1893లో రావు బహద్దూర్ ఇచ్చిందీ ఆ సర్కారే. అర్హులకు రాలేదని నేననను. ఎవరు ఎవరో నిర్ణయించే హక్కు ఇచ్చేవాడి దగ్గరే ఉండిపోయిందని అంటున్నాను.

ఒకరికి నక్షత్రం, ఒకరికి ఉరికొయ్య

1857 జులై 17న హైదరాబాదులో కోఠీ రెసిడెన్సీ మీద దాడి జరిగింది. ముందు నిలిచింది తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్. దాడి ఓడిపోయింది. అప్పటి దివాను మొదటి సాలార్‌జంగ్, నిజాం అఫ్జలుద్దౌలా ఇంగ్లీషువాళ్ల పక్షాన గట్టిగా నిలబడ్డారు. తుర్రెబాజ్ ఖాన్‌ను పట్టిచ్చినవాడికి 5 వేల రూపాయల బహుమానం ప్రకటించారు. జైలు నుంచి తప్పించుకున్నా, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర దొరికిపోయి చనిపోయాడు. శవాన్ని తెచ్చి నగరంలో అందరూ చూసేలా వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు.

1861లో విక్టోరియా రాణి 'స్టార్ ఆఫ్ ఇండియా' అనే కొత్త గౌరవాన్ని స్థాపించింది. మొదటి విడతలో అది అందుకున్న సంస్థానాధీశుల్లో అఫ్జలుద్దౌలా ఒకడు. తర్వాత సాలార్‌జంగ్‌కూ ఆ నక్షత్రం దక్కింది. ఒకే నగరం, ఒకే సంఘటన, ఒకే మతం. ఒకరి రొమ్ము మీద నక్షత్రం, ఒకరి మెడకు తాడు.

అయితే బిరుదులిచ్చేది సర్కారొక్కటే కాదు. తెలుగువాళ్లు ఇప్పటికీ పొగరుగా మాట్లాడేవాణ్ని పట్టుకుని "నువ్వేమన్నా తురుంఖాన్‌వా?" అంటారు. ఆ తురుంఖాన్ మన తుర్రెబాజ్ ఖానేనని హైదరాబాదు వాళ్ల నమ్మకం. ఎవరికీ తలవంచనివాడు అని దాని అర్థం. ఏ గెజెట్టులోనూ అచ్చు కాని ఈ బిరుదు హిందువు నోటా ముస్లిం నోటా ఒకే తీరుగా పలుకుతోంది. అఫ్జలుద్దౌలా నక్షత్రం ఇవాళ ఎందరికి గుర్తుంది?

తిరిగిచ్చినవాళ్లు

బిరుదు పుచ్చుకోవడం ఒక చరిత్ర అయితే, తిరిగివ్వడం ఇంకో చరిత్ర. జలియన్‌వాలాబాగ్ తర్వాత 1919లో టాగూరు 'సర్' వదిలేశాడు. 1920 ఆగస్టు 1న గాంధీ తన కైసర్-ఎ-హింద్ పతకం వాపసు చేశాడు. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఒకటై నడుస్తున్న రోజులవి. ఢిల్లీ హకీమ్ అజ్మల్ ఖాన్ కూడా ఇంగ్లీషువాళ్లిచ్చిన హాజిఖుల్ ముల్క్ బిరుదును అప్పుడే తిరిగిచ్చేశాడు. జనం ఊరుకోలేదు. ఆయనకు మసీహుల్ ముల్క్ అని తమ బిరుదు తామిచ్చుకున్నారు. సర్కారు ఖాళీ చేసిన చోటును జనం నింపారు. 1946 జులైలో ముస్లిం లీగ్ కూడా బొంబాయి సమావేశంలో సర్కారీ బిరుదులు వదిలెయ్యమని పిలుపిచ్చింది. దారులు వేరైనా బిరుదు ఒక సంకెల అన్న గుర్తింపు ఇద్దరికీ వచ్చింది.

హైదరాబాదులో దీనికి ఉదాహరణ బహద్దూర్ యార్ జంగ్. పేరు మహమ్మద్ బహద్దూర్ ఖాన్. మజ్లిస్ నాయకుడు, ఆ కాలంలో ఉర్దూలో ఆయనంత వక్త లేడు. ఆయన రాజకీయాలతో మనకు పేచీ ఉంది. ముస్లిములే హైదరాబాదు పాలకులన్న భావనకు ఆయన ఊపిరిపోశాడు. ఆ భావన సామాన్య ముస్లింకు నవాబు బొమ్మను అద్దంలో చూపించి నీ మొహమే అని నమ్మించింది. కాని అదే మనిషి, నిజాం తన నోటికి తాళం వెయ్యబోతే, బిరుదూ జాగీరూ రెండూ వదిలేశాడు. 1944లో చనిపోయాడు. వదిలేసిన బిరుదే ఆయన్ను వదల్లేదు. చరిత్రలో ఇంకా బహద్దూర్ యార్ జంగే.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా పోలీసు చర్య. రజాకార్లు ఊళ్ల మీద చేసిన దౌర్జన్యాలు మనం దాచిపెట్టకూడనివి. వాళ్లను ఉర్దూలోనే ఎదిరించి రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను అదే ఏడాది ఆగస్టులో నరికి చంపారు. ఆయనకూ ఏ బిరుదూ లేదు. సైన్యం వచ్చాక జరిగింది కూడా దాచిపెట్టకూడనిదే. పండిట్ సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి, పోలీసు చర్య రోజుల్లోనూ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బీరువాలోనే ఉండిపోయింది.

చచ్చినవాళ్లలో జంగ్‌లెందరు, దౌలాలెందరు? 1950 జనవరి 26న నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. అంటే గవర్నరుతో సమానమైన కుర్చీ, ఏటా 50 లక్షల రాజభరణం. కొందరు జంగ్‌లు కొత్త రాజ్యంలోనూ రాణించారు. అందులో సమర్థులున్నారు, మంచివాళ్లున్నారు. మెహదీ నవాజ్ జంగ్ హైదరాబాదులో బంజారాహిల్స్‌కు రూపమిచ్చినవాడు. క్యాన్సర్ ఆసుపత్రి ఆయన పేరనే ఉంది. 1960లో గుజరాత్‌కు మొట్టమొదటి గవర్నరయ్యాడు. అలీ యావర్ జంగ్ ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు వైస్ చాన్సలర్‌గా, అనేక దేశాల్లో రాయబారిగా చేసి, 1971 నుంచి 1976లో చనిపోయేదాకా మహారాష్ట్ర గవర్నరుగా ఉన్నాడు. వాళ్ల ఎదుగుదల మీద నాకు అసూయ లేదు. ఒక్కటే అడుగుతున్నాను. జంగ్ రాజ్‌భవన్‌కు పోయాడు. నాందేడ్, బీదర్, ఉస్మానాబాద్ జిల్లాల్లో ఇళ్లు వదిలి పారిపోయిన సాయిబు ఎక్కడికి పోయాడు? ఏలినందుకు దండన ఏలనివాడికి పడింది.

పద్దెనిమిదో అధికరణం

మన రాజ్యాంగం 18వ అధికరణంలో ఒక గొప్ప మాట రాసుకుంది. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప రాజ్యం ఎవరికీ బిరుదులివ్వకూడదు. పౌరులు విదేశాల నుంచి బిరుదులు పుచ్చుకోకూడదు. ఇది ప్రాథమిక హక్కుల్లో, సమానత్వం కింద ఉంది. అంటరానితనం నిషేధించిన 17వ అధికరణం పక్కనే ఉండటం నాకు ఎప్పుడూ అర్థవంతంగా తోస్తుంది. కొందర్ని పుట్టుకతో కిందికి తొయ్యడం, కొందర్ని కచేరీతో పైకెత్తడం - రెండూ ఒకే నిచ్చెన పనులు.

1954లో భారతరత్న, పద్మ పురస్కారాలు వచ్చాయి. ఇవి బిరుదులు కావా అని అప్పట్నుంచీ వాదన. 1969లో ఆచార్య కృపలానీ వీటిని రద్దు చెయ్యాలని పార్లమెంటులో బిల్లు పెట్టాడు, నెగ్గలేదు. 1977లో మొరార్జీ ప్రభుత్వం ఆపేసింది. 1980లో ఇందిరాగాంధీ మళ్లీ మొదలుపెట్టింది. 1995 డిసెంబరు 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇవి బిరుదులు కావు, పురస్కారాలు; పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదు; తగిలించుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. ఆ తీర్పు సంగతి మన సన్మానసభల్లో శాలువాలు కప్పేవాళ్లకు ఎవరైనా చెప్పాలి. గవర్నర్లూ ఇప్పుడు తమ పేరిట పురస్కారాలిస్తున్నారు. తెలంగాణ గవర్నరు 2025 గణతంత్ర దినోత్సవం నాడు పర్యావరణం, దివ్యాంగుల సంక్షేమం, క్రీడలు, సంస్కృతి రంగాల్లో ప్రతిభా పురస్కారాలిచ్చారు. నిజాం నుంచి రాజప్రముఖ్ దాకా, రాజప్రముఖ్ నుంచి గవర్నరు దాకా ఇచ్చే చెయ్యి మారింది. ఇప్పటి పురస్కారానికి నజర్ పట్టక్కర్లేదు, మతాన్ని బట్టి వేరే బిళ్ల లేదు. ఇది చిన్న మార్పు కాదు. దాన్ని గుర్తించాలి, కాపాడుకోవాలి.

సాయిబు అనే బిరుదు

ఉర్దూ వార్తలు తెలుగు చేస్తూ, తెలుగు వార్తలు ఉర్దూ చేస్తూ నాకు ఇరవయ్యేళ్లు గడిచాయి. ఒక పత్రిక డెస్కులో నా పక్కనుండేవాళ్లు "నవాబ్ సాబ్" అని పిలిచేవాళ్లు. ప్రేమగానే. మా తాతల దగ్గర జాగీరుకు బదులు ఒక దూదేకే విల్లు ఉండేదని చెప్పినా నవ్వి ఊరుకునేవాళ్లు. అద్దె ఇల్లు అడగడానికి పోతే ఆ నవాబ్ సాబే సాయిబు అయిపోయేవాడు, సాయిబుకు ఇల్లు ఖాళీ ఉండేది కాదు.

ఈ 'సాయిబు' మాట ఎక్కడిది? సాహెబ్. అరబ్బీలో తోడు ఉండేవాడు, యజమాని అనే అర్థాలున్నాయి. ఇంగ్లీషు సర్కారు మూడో తరగతి పతకం ఖాన్ సాహెబ్‌కు ఇచ్చేది. దొరల్ని సాహెబ్ అనేవాళ్లు. అదే మాట తెలుగు పల్లెలోకి దిగి, 'సాయిబు' అయి, గాజులమ్మేవాడికీ, తోళ్లు కొనేవాడికీ, దర్గా దగ్గర నెమలీకల కట్టతో ఊదేవాడికీ దక్కింది. పిలిచే గొంతును బట్టి గౌరవమూ అవుతుంది, ఎద్దేవా కూడా అవుతుంది. బిరుదుల నిచ్చెన మీద నుంచి జారి నేలకు చేరిన ఒకే ఒక్క బిరుదు ఇది. మనకు దక్కిందీ ఇదొక్కటే.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన ముస్లింలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు ఆ జాబితా చదివాను. అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఏలుగువాళ్లు, హజ్జాములు, ఖురేషీలు, తురక కాశలు. దూదేకులవాళ్లు అప్పటికే బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్లను జాబితాకు బయట పెట్టారు. సర్కారు కాగితం మీద మనల్ని జంగ్‌లుగా, దౌలాలుగా కాక చేతిపనుల పేర్లతో చూడటం అదొక పెద్ద సందర్భం. అందులో కొన్ని పేర్లు వినడానికి తిట్లలాగే ఉంటాయి. అయినా అవి నిజం. ఫలక్‌నుమా బొమ్మ వెనక ఇన్నాళ్లూ కనబడని మనుషులు వాళ్లు.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథ చెబితే ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చేవి. 1986లో కేంద్రం పద్మశ్రీ ఇచ్చింది. అంతకు ఎంతో ముందే జనం బుర్రకథ పితామహుడన్నారు. ఆయన ఆత్మకథకు పద్మశ్రీ పేరు కాదు, పితామహుడి పేరూ కాదు, 'పింజారి' అని పేరు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం శ్రీరంగనాథుడి గుడి దగ్గర వినిపించింది. ఆయనకు 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి వచ్చాయి. పేరు మాత్రం చివరిదాకా షేక్ చినమౌలానానే. మెట్లెక్కినకొద్దీ దర్బారువాళ్లు సొంత పేరు పోగొట్టుకున్నారు. వీళ్లు పోగొట్టుకోలేదు.

గౌరవాలు వద్దనేవాణ్ని కాదు నేను. మనవాళ్లకు రావలసినన్ని రాలేదు కూడా. వచ్చినప్పుడు తీసుకుందాం, రానప్పుడు అడుగుదాం. కాని మనం ఎవరమో చెప్పే పనిని బిరుదుకు వదిలిపెట్టొద్దు. జంగ్‌ల వారసత్వం మనదని మనవాళ్లు కొందరు మురిసిపోతుంటారు. అదే వారసత్వం చూపించి ఎదుటివాళ్లు కొందరు మనల్ని నిందిస్తుంటారు. ఇద్దరికీ ఒకటే జవాబు. ఆ ఖితాబుల పెట్టెలో మా తాతల పేర్లు లేవు. తుర్రెబాజ్ ఖాన్, బందగీ, షోయబుల్లా, పింజారి నాజర్ ఉన్న జాబితాలో చూడండి. మేము అక్కడ దొరుకుతాం.